తూర్పు గ్యాలరీ ముందు లేచిన జెండా

ఏప్రిల్ 9

పిట్టా,

పేపర్లో మూడో పేజీ అడుగున, చెప్పుల కొట్టు ప్రకటన పక్కన, నీ పేరు చూశాను. ఫుట్‌బాల్ కప్పు ఫైనల్‌కి లైన్ రిఫరీ! నమ్మకం కుదరక మీ అత్తయ్యకిచ్చి చదివించాను. ఆవిడ చదివి, "ఫొటో వెయ్యలేదేం?" అంది. అంతే, మళ్లీ కూరలు తరగడంలో పడింది.

బాయిలర్ షాపులో అందరికీ చెప్పేశాను. ఆ మోతలో అరిచి లాభం లేదు కనుక సుత్తి పక్కనపెట్టి ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి చెప్పాను. గ్యాలరీలో నా పక్కన కూర్చునే గుండు క్రేన్ మీద ఉన్నాడు. కింద నుంచి చేతులతో చెబితే నీకు పెళ్లి కుదిరిందనుకుని పని ఆపి దిగొచ్చాడు. సంగతి తెలిశాక, "పెళ్లి కంటే ఇదే నయం, ఇందులో ఎర్ర కార్డయినా ఉంటుంది" అన్నాడు.

మన రేవు జట్టూ ఆ మిల్లు జట్టూ లీగులో ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటాయి కానీ, ఫైనల్లో ఎదురుపడటం ఇదే మొదలు. ఊళ్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. రేవు వైపు వాళ్లు వంతెన దాటి మిల్లు వైపు బజారుకి పోవడం మానేశారు. మీ అత్తయ్య పుట్టిల్లు వంతెనకి అటువైపు కనుక మా ఇంట్లో సరిహద్దు వంటగది గడప దగ్గరుంది.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. షాపు మోతకి చెవులు పోయినప్పటి నుంచి నాకు ఈల వినపడదు. గ్యాలరీ అంతా లేచి అరుస్తుంటే అది గోలో కాదో తెలియదు. అందుకని ముందు జెండా చూస్తాను. జెండా కిందుంటే అప్పుడు లేస్తాను. ఎందరు లైన్ రిఫరీల చేతులు చూశానో! బద్ధకంగా ఎత్తేవాడు, భయపడుతూ ఎత్తేవాడు, ఎత్తేసి ఎందుకెత్తానా అని తనే చూసుకునేవాడు. ఇప్పుడు ఆ చేయి నీది. తలుచుకుంటే కూర్చోబుద్ధి కావడం లేదు.

ముందురోజు స్టేషన్‌కి వస్తాను. మీ అమ్మ ఉద్యోగం మీద ఊళ్లు తిరిగినన్నాళ్లూ నువ్వు చదువుకున్న గదిలో సామాను తీయించి సున్నం వేయిస్తున్నాం. ఏ బండికి వస్తావో రాయి. ఫోన్ చెయ్యకు. ఫోన్లో పెదాలు కనిపించవు కదా, నాకు అది ఉత్త డబ్బా.

నీ మామయ్య

*

ఏప్రిల్ 14

మామయ్యా,

నీ ఉత్తరం ఎక్స్‌రే గదిలో నిలబడి చదివాను. బయట బల్ల మీద ఒక చేయి, రెండు కాళ్లు, ఒక దవడ ఎదురుచూస్తున్నాయి. మనుషుల్ని ఇలా ముక్కలుగా పిలవొద్దని పెద్ద డాక్టరు గారు నన్ను చాలాసార్లు కోప్పడ్డారు.

నువ్వు స్టేషన్‌కి రావొద్దు. నేను ఇంటికీ రాను. రిఫరీల మండలి మమ్మల్ని ఒక హోటల్లో పెడుతుంది. మ్యాచ్ అయ్యేదాకా బయటివాళ్లెవరినీ కలవకూడదు. మ్యాచ్ కాగానే వాళ్ల బండిలోనే వెనక్కి. నీ గురించి మండలి కార్యదర్శికి నేనే చెప్పాను. మా మేనమామది రేవు గ్యాలరీ, చిన్నప్పుడు ఆయన ఇంట్లోనే పెరిగాను అన్నాను. కార్యదర్శి నవ్వి, "అమ్మ, నాన్న, తోబుట్టువులు, మొగుడు, ఇంతవరకే మా పట్టింపు. మేనమామల దాకా వెళితే ఏ ఊళ్లోనూ మ్యాచ్ ఆడించలేం తల్లీ" అన్నాడు.

అయినా నువ్వు నన్ను చూసి చెయ్యి ఊపకు. పేరు పెట్టి పిలవకు. నేను మ్యాచంతా తూర్పు గ్యాలరీ ముందే, అంటే నీ మొదటి వరస ముందే పరుగెత్తుతాను. టాస్ ఎలా పడినా ఒక సగంలో మీ వాళ్లు దాడి చేసేది నేను చూసుకునే గోలు మీదికే. ఆ గొడవంతా నా కళ్ల ముందే జరుగుతుంది. దయచేసి ఇంకెవరికీ చెప్పొద్దు. ఇప్పటికే షాపంతా చెప్పేశావు, సరే, అక్కడితో ఆపు.

ఒకటి అడగనా? లైను మీద ఉన్నవాళ్లు ఆట చూడరు మామయ్యా. గోల్‌కీపరు కాక గోలుకి అందరికంటే దగ్గరగా ఉన్న డిఫెండరు ఎవడో చూసుకుని, వాడికి సూటిగా తాము ఉన్నామా లేదా అనే చూసుకుంటారు. గోలు ఎంత అందంగా పడిందో నాకు తర్వాత ఎవరో చెప్పాలి. మ్యాచ్ అయ్యాక ఆట ఎలా ఉందో నువ్వు రాయి. నీ అంత బాగా ఎవరూ చెప్పలేరు.

సున్నం వేయించింది వృథా కాదు. సెలవుల్లో వస్తాను. అత్తయ్యని అడిగానని చెప్పు.

పిట్ట

*

ఏప్రిల్ 18

లైన్ రిఫరీ గారికి,

తమ ఆదేశాలు అందాయి. స్టేషన్‌కి రాను. చెయ్యి ఊపను. పేరు పెట్టి పిలవను. వీలైతే ఊపిరి కూడా వదలను.

మీ అత్తయ్య ఈ ఉత్తరం చూసి, "చిన్నపిల్ల మీద అలకేమిటి, మీకు సిగ్గులేదూ" అంటోంది. నాకు అలక లేదు. గదికి వేసిన సున్నం ఇంకా ఆరలేదు, అంతే.

ఆట సంగతి రాస్తాను. అది నా మీద ఉంది.

మామయ్య

*

ఏప్రిల్ 29

మామయ్యా,

మమ్మల్ని వెనక గేటు నుంచి బండిలో తీసుకెళ్లారు. బండి పైకప్పు మీద ఏవో పడుతున్నాయి. రాళ్లా సీసాలా అని డ్రైవర్ని అడిగితే, "చెప్పులమ్మా, రాళ్లయితే మోత వేరేగా ఉంటుంది" అన్నాడు. ఇలాంటి బళ్లు చాలా తోలినట్టున్నాడు.

నేను ఒక్కసారి కూడా తలెత్తి గ్యాలరీ వైపు చూడలేదు. నువ్వు ఉన్న చోటు తెలుసు కనుక చూడలేదు.

ఇక్కడికి వచ్చినప్పటి నుంచి కుదురు లేదు. ఆస్పత్రిలో ఒకాయన మోకాలికి బదులు మడమ ఫొటో తీశాను. ఆయన మంచివాడు కనుక మళ్లీ తీయించుకున్నాడు. ఇంట్లో అన్నం పెట్టుకుని లేచి కిటికీ దగ్గరికి వెళతాను, మళ్లీ వస్తాను, చల్లారిపోయి ఉంటుంది.

ఆ చివరి నిమిషం గురించే. మిల్లు మూడు, రేవు రెండు. మీ ఫార్వర్డు సూదిగాడికి బంతి అందింది, నా జెండా లేచింది, బంతి వలలో పడింది, రిఫరీ నన్ను చూసి గోలు చెల్లదన్నాడు. ఆ క్షణంలో నాకు ఏ అనుమానమూ లేదు. బండి ఎక్కాక మొదలైంది. టీవీ వాళ్ల కెమెరా మైదానం మధ్యలో ఉంది. అందులో ఎంత తిప్పి చూసినా సూదిగాడు డిఫెండరు కంటే ముందున్నాడో లేదో, ఆఫ్‌సైడో కాదో తేలలేదట. రేవు క్లబ్బు ఫిర్యాదు చేసింది. మండలి విచారణ పెడుతోంది. పెద్ద మ్యాచ్‌లకి పంపే రిఫరీల పై జాబితాలో నేను ఉండాలా వద్దా అన్నది దాని మీదే ఉంది.

జాబితా పోతే పోనీ. నన్ను తినేస్తున్నది వేరే. అది నీ జట్టు కాకపోయుంటే నా చేయి లేచేదా? "మేనమామ జట్టు కనుక వదిలేసింది" అనిపించుకోకూడదని ముందే భయపడి లేచిందా? నా చేతిని నేనే నమ్మలేకపోతున్నాను.

నువ్వు మొదటి వరసలో ఉన్నావు. నేను ఉన్న చోటికి నీకంటే దగ్గరగా ఎవరూ లేరు. నువ్వేం చూశావో రాయి. ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి. ఆట సంగతి కూడా రాయి, నేను నిజంగానే చూడలేదు.

నిన్నెవరూ ఏమీ అనడం లేదు కదా?

పిట్ట

*

మే 4

నా పిట్టకి,

ముందు ఆట.

వాన మ్యాచ్‌కి ముందే వచ్చి పోయింది. గడ్డి తడి తడిగా ఉంది. బంతి ఆగాల్సిన చోట ఆగక ఇంకొంచెం జారిపోతోంది. ఇలాంటి రోజున జాగ్రత్తగా ఆడేవాడు నష్టపోతాడు. రెండు జట్లకీ ఆ సంగతి తెలిసినట్టుంది, మొదటి నుంచీ ఎవరూ జాగ్రత్తపడలేదు.

మిల్లు వాళ్లకి కార్నర్ దొరికింది. మన గోల్‌కీపరు ముందుకొచ్చి గాలిని పట్టుకున్నాడు. వాళ్ల పొడుగోడు వాడి చేతుల పైనుంచి తలతో కొట్టాడు. ఒకటి. మన గ్యాలరీలో ఒక్కడూ కదల్లేదు. అవతల పడమటి గ్యాలరీ ఉడుకుతున్న అన్నంలా పొంగింది. నాకు చప్పుడు తెలియదు కానీ కాళ్ల కింద చెక్క అదిరింది.

తర్వాత మన కెప్టెన్ కొట్టిన గోలు. చాలా దూరం నుంచి, ఎవరూ అడ్డం రాలేదు కదా అని కొట్టాడు. బంతి స్తంభం లోపలి అంచుకి తగిలి, అటు వైపు స్తంభం దాకా గీత మీదే పాకి, అప్పుడు లోపలికి పోయింది. నేను అవతలి లైను జెండా చూశాను. కిందే ఉంది. లేచాను. లేచేసరికి గుండు నా భుజాల మీదున్నాడు. వాడి బరువు నీకు తెలియదు.

రెండో సగంలో మిల్లు వాళ్లు మళ్లీ ఒకటి వేశారు, ఫ్రీకిక్‌కి గోడ కట్టి నిలబడ్డ మనవాళ్ల కాళ్ల సందులోంచి. అప్పుడు సూదిగాడు లేచాడు. ముగ్గురు ఎదురుగా నిలబడితే కుడికి ఒంగాడు, ముగ్గురూ కుడికి ఒంగారు, వీడు ఎడమ నుంచి వెళ్లిపోయాడు. వాళ్లింకా కుడివైపు వాణ్ణి వెతుకుతూనే ఉన్నారు. రెండుకి రెండు. ఆ గోలు పడింది నీ వైపే. నీ జెండా కదల్లేదు. ఆ రోజు నేను అన్నిటికంటే సంతోషంగా లేచింది అప్పుడే.

ఇంకోటి చెప్పాలి. మిల్లు గోల్‌కీపరు. మన కెప్టెన్ కొట్టిన తల బంతిని గాల్లో వెనక్కి ఒరిగి వేలి కొసలతో పైకి నెట్టాడు. అది గోలే. ఎవరినడిగినా గోలే అంటారు. వాడొక్కడూ ఒప్పుకోలేదు. నేను లేచి చప్పట్లు కొట్టాను. గుండు నా చొక్కా పట్టి కిందికి లాగి, "ఎటువైపురా నువ్వు?" అన్నాడు. పెదాలు చూడకపోయినా అర్థమయ్యేలా అన్నాడు.

వాళ్ల మూడో గోలు సంగతి వద్దు. పొడుగోడికి కాలు పట్టేసింది. కుంటుతూనే వచ్చి కొట్టాడు. కుంటుతున్నాడు కదా అని మనవాడు వదిలేశాడు. ఇక్కడ అందరూ నిన్ను తిడుతున్నారు గానీ ఆ వదిలేసినవాణ్ణి ఎవరూ తిట్టడం లేదు.

ఇక చివరి నిమిషం. కెప్టెన్ మధ్య నుంచి పొడుగ్గా పంపాడు. నువ్వు నా ముందు నుంచి పరుగెత్తావు. జెండా లేచింది. బంతి వలలో పడింది. తూర్పు గ్యాలరీ అంతా ఒక్క ఉదుటున లేచింది. నేనొక్కణ్ణే కూర్చున్నాను. గుండు నా చంకల కింద చేతులేసి లేపబోయాడు. నేను వేలితో నిన్ను చూపించాను. వాడి మొహంలో రంగు దిగిపోవడం చూశాను పిట్టా. తర్వాత వాడి వెనకవాడిది, వాడి వెనకవాడిది, అలా పై వరస దాకా.

ఇంత మంచి మ్యాచ్ నేను చూడలేదు. ఇంటికొచ్చి మీ అత్తయ్యతోనూ అదే అన్నాను. "మరి ఏడుస్తున్నారేం?" అంది. చెమట అన్నాను.

జెండా సరైనదే. సూదిగాడు ముందున్నాడు. నా కళ్లతో చూశాను. రేవు గ్యాలరీ మనిషిని నేను చెబుతున్నాను కదా, ఇంకెవరి మాట కావాలి? నీ చేతికేం జబ్బు లేదు. అన్నం వేడిగా ఉండగా తిను.

నన్నెవరూ ఏమీ అనడం లేదు.

నీ మామయ్య

*

మే 10

మామయ్యా, మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, ఇన్నాళ్లలో మొదటిసారి కుర్చీలో ఆనుకుని కూర్చున్నాను. ఓడిపోయిన జట్టు మనిషివి, నీకు ఆ గోలు కంటే కావలసింది ఇంకోటి లేదు, అయినా సరైనదే అన్నావు. అంతకంటే ఏం కావాలి?

నిన్న విచారణకి పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు. మీ క్లబ్బు వకీలు, నేను మిల్లు వాళ్ల పక్షమన్నట్టు మాట్లాడాడు. ఒళ్లు మండిపోయింది. "నేను పెరిగింది రేవు గ్యాలరీ మనిషి ఇంట్లో. మా మేనమామ మొదటి వరసలో కూర్చుని చూశాడు. ఆయనే జెండా సరైనదంటున్నాడు" అనేశాను. గదిలో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. అధ్యక్షుడు, "అయితే ఆయన్నే పిలుద్దాం. సొంత జట్టుకి వ్యతిరేకంగా చెప్పేవాడి మాటకి విలువుంటుంది" అన్నాడు.

ఇరవయ్యొకటిన, ఇక్కడ మండలి ఆఫీసులో. నీకు వినపడదని చెప్పాను. ప్రశ్నలు నన్నే అందించమన్నారు. నువ్వు నాకు రాసిందే చెప్పు, చాలు. టికెట్టు దీంతో పంపుతున్నాను.

ఇవాళ ఒకాయన విరిగిన చేతితో వచ్చి నన్ను గుర్తుపట్టి, "ఎముకైనా సరిగ్గా కనిపిస్తుందా, లేక అదీ ఆఫ్‌సైడేనా?" అన్నాడు. నేను నవ్వాను. పది రోజుల కింద అయితే ఏడ్చేదాన్ని.

పిట్ట

*

మే 14

పిట్టా,

ఇది మధ్యాహ్నం సెలవులో షాపు వెనక నిలబడి రాస్తున్నాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది కూడా చించేలోపు పోస్టులో పడేస్తాను.

నేను చూడలేదు.

నేను ఎప్పుడూ జెండా చూసేవాణ్ణని నీకు చెప్పాను కదా. ఆ క్షణంలోనూ నేను నిన్నే చూస్తున్నాను. సూదిగాడు నీకు అవతల, సరిగ్గా నీ ఒంటి చాటున ఉన్నాడు. వాడు ముందున్నాడో వెనకున్నాడో నాకు తెలియదు. నువ్వు కుదురు లేకుండా ఉన్నావని రాస్తే, ఒక మాట రాసి పడేస్తే కుదుటపడతావు కదా అని రాశాను. దాన్ని నువ్వు కోర్టులాంటి చోటికి తీసుకెళతావని నాకేం తెలుసు?

చూసింది ఒకటుంది. అది కూడా చెప్పేస్తాను. మిల్లు డిఫెండరు మడమ పెనాల్టీ పెట్టె తెల్లగీత మీదుంది. అది నాకు స్పష్టంగా కనిపించింది. నువ్వు ఆ గీతకి సూటిగా లేవు. ఒక అడుగు వెనకున్నావు. తడి గడ్డిలో నీ కుడి కాలు జారడం చూశాను. సర్దుకున్నావు, కానీ ఆ ఒక్క అడుగు అందుకోలేకపోయావు. అప్పుడే జెండా ఎత్తావు.

దీని అర్థం ఏమిటో మీ అత్తయ్యకి బల్ల మీద బొత్తాలు పెట్టి చూపించాను. దగ్గరగా తెల్లబొత్తం సూదిగాడు, దూరంగా నల్లబొత్తం డిఫెండరు, రెండూ ఒకే వరసలో. ఆవిడ వంగి ఒక కన్ను మూసి చూసి, "సరిగ్గానే ఉన్నాయి" అంది. తల కొంచెం వెనక్కి జరిపించాను. "అయ్యో, తెల్లది ముందుకెళ్లిపోయిందే!" అంది. కాసేపు అటూ ఇటూ జరిగి, "మరి ఆ పిల్లకి తెల్లది ముందున్నట్టు కనిపించిందంటే అబద్ధం కాదుగా" అంది. కాదు అన్నాను. బొత్తాలు తీసి డబ్బాలో వేసేశాను.

గ్యాలరీలో కూడా జెండా సరైనదని అందరితో వాదించాను. గుండు నా పక్కన కూర్చోవడం మానేశాడు. క్యాంటీన్‌లో వాడు నాకు వీపు చూపించి తింటున్నాడు. అది నా గొడవ, నేను చూసుకుంటాను.

ఇరవయ్యొకటిన వస్తాను. జెండా సరైనదేనా అని అడుగుతారు. సరైనదే అంటాను. ఒకసారి అన్నదే కదా, రెండోసారి అనడానికి నోరేం అరిగిపోదు. సొంత జట్టుకి ఎదురు చెప్పేవాణ్ణి కనుక నమ్ముతారు. నీ జాబితా నీకుంటుంది. అలా వద్దనుకుంటే రాయి. రాయకపోతే అలాగే చెబుతాను.

మామయ్య

*

మే 24

పిట్టా,

నువ్వు జవాబు రాయలేదు. సరేనన్నావనుకునే వచ్చాను.

ఆ గదిలో ఎంత పొడుగు బల్ల! దాని మీద వరసగా మంచినీళ్ల జగ్గులు. అధ్యక్షుడి మీసం పెదాల మీద పరదాలా ఉంది. ఒక్క ముక్క పట్టలేకపోయాను. నిన్నే చూస్తూ కూర్చున్నాను. నువ్వు ప్రశ్నలు అందించావు. ఎక్కడ పని చేస్తాను, ఏ వరసలో కూర్చున్నాను, చెప్పాను. "సరైనదే" అన్న మాట నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

మూడో ప్రశ్న అది కాదు. "జెండా ఎత్తినప్పుడు నేనెక్కడున్నాను?" అని అందించావు.

సూటిగానే ఉంది అనొచ్చు. రైల్లో వస్తూ లక్ష అబద్ధాలు తయారుచేసుకున్నాను, ఆ ఒక్కటి తప్ప. నీ మొహంలోకి చూస్తూ నిన్ను లేని చోట నిలబెట్టడం నాకు చేతకాలేదు. "ఒక అడుగు వెనకుంది" అనేశాను. రాసుకుంటున్న అధ్యక్షుడు కలం ఆపి నా వైపు చూశాడు. మీ వకీలు లేచి నిలబడ్డాడు. మా వకీలు అనాలేమో. ఎవరి వకీలో కూడా నాకిప్పుడు తెలియడం లేదు.

నిన్ను పై జాబితా నుంచి తీసేశారని పేపర్లో వేశారు. ఫలితం మారదట, కప్పు మిల్లుదేనట. అంటే ఎవరికీ ఏమీ దక్కకుండా నిన్ను మాత్రం నేను ముంచాను.

ఆ ప్రశ్న వాళ్లకెలా తెలిసింది? అడుగు సంగతి నేను నీకూ మీ అత్తయ్యకీ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఆవిడ గుండు పెళ్లాంతో చెప్పి ఉంటుంది. వాళ్లిద్దరూ కుళాయి దగ్గర గంటలు గంటలు నిలబడతారు. గుండు క్లబ్బు వాళ్లకి అందించి ఉంటాడు. ఇంటికి రాగానే మీ అత్తయ్యని అడిగేశాను. "నేనెవరితోనూ అనలేదు" అంది. నేను నమ్మలేదు. మూడు రోజులుగా కంచం బల్ల మీద పెట్టి అవతలి గదిలోకి వెళ్లిపోతోంది. గుండుతో ఇవాళ షాపులో కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. ఫోర్‌మన్ విడదీశాడు.

ప్లాట్‌ఫామ్ మీద నువ్వు ఏదో అన్నావు. నీ పెదాలు కదిలాయి, అప్పుడే బండి కదిలింది, కిటికీ ఊచ అడ్డొచ్చింది. తిట్టావా? తిట్టినా సరే, ఏమన్నావో రాయి. రోజంతా ఆ మాటే ఏమై ఉంటుందా అని షాపులో తిరుగుతున్నాను.

మామయ్య

*

మే 28

మామయ్యా,

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపి ముందు వంటింట్లోకి వెళ్లు. అత్తయ్య ఎవరితోనూ అనలేదు. ఆవిడకి చెప్పు. తర్వాత షాపుకి వెళ్లి గుండుకి చెప్పు. క్రేన్ మీద ఉంటే కిందికి పిలిచి చెప్పు. చేతులతో చెబితే మళ్లీ ఇంకేదో అనుకుంటాడు. ఆ తర్వాత వచ్చి మిగతాది చదువు.

నీ పద్నాలుగో తేదీ ఉత్తరం నాకు అందింది. రెండు జవాబులు రాశాను. ఒకదాంట్లో నిజమే చెప్పమన్నాను. ఇంకోదాంట్లో నువ్వన్నట్టే చెప్పమన్నాను. రెండూ సంచిలో పెట్టుకుని ఆస్పత్రికీ ఇంటికీ తిరిగాను. ఏదీ పోస్టు చెయ్యలేదు. ఏది వేసినా నీ నోటి మాట నేను రాసిచ్చినట్టే కదా.

కాలు జారిందని నువ్వు రాసినప్పుడే నాకు గుర్తొచ్చింది. అంతవరకు నిజంగా గుర్తులేదు. చేతి గురించే ఆలోచిస్తున్నాను, కాలి గురించి ఆలోచించలేదు. నీ జట్టంటే భయపడి లేచిందేమోనని ఇన్నాళ్లూ దాన్ని అనుమానించాను. భయమూ కాదు, పక్షమూ కాదు. జారి, ఒక అడుగు వెనకబడి, కనిపించినదానికి ఎత్తాను. ఏ లైను మీదైనా ఎవరైనా చేసే మామూలు తప్పు. అది తెలిసిన రోజున అన్నం వేడిగా ఉండగానే తిన్నాను.

జాబితా సంగతికి బాధపడకు. ఒక ఏడాది. ఆదివారం ఆడపిల్లల స్కూలు మ్యాచ్‌కి వెళ్లాను. గీతలు సున్నంతో కాదు, ముగ్గురు టీచర్లు నిలబడి చూపించారు. వాళ్లలో ఒకావిడ మధ్యలో నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది, కాసేపు మైదానానికి ఒక మూల లేదు. నవ్వుతూనే సూటిగా పరుగెత్తాను.

ప్లాట్‌ఫామ్ మీద నేను తిట్టలేదు. ఇది చెప్పబోయాను.

అధ్యక్షుడు మూడోసారి అడిగింది, "మీరు చూసినంతలో ఆ జెండా సరైనదేనా?" అని. నేను నీ వైపు తిరిగాను. నువ్వు నోరు తెరవడానికి సిద్ధంగా ఉన్నావు. ఏ మాట రాబోతోందో నీ మొహంలో కనిపించింది. మొదటి ప్రశ్న నుంచీ, ఇంట్లో మనం మాట్లాడుకున్నట్టే, గొంతు లేకుండా అందిస్తున్నాను కనుక, నేను పెదాలు మాత్రమే కదిపితే వాళ్లకి వింతగా అనిపించలేదు. నా పక్కనున్న గుమాస్తాకి కూడా వినపడలేదు.

ఆ ప్రశ్న వాళ్లకి ఎవరూ అందించలేదు మామయ్యా. వాళ్లు అడగనే లేదు. జెండా సరైనదో కాదో నువ్వు చూడలేదు, నాకూ ఇక ఎప్పటికీ తెలియదు. నేనెక్కడున్నానో మాత్రం నువ్వు చూశావు. అందుకని నేనే అది అడిగాను.

నీ పిట్ట